ఆగిన యంత్రానికి తాళం

ఈస్టిండియా కంపెనీ ఓడలకెక్కించే నూలుబట్టను ఉతికి చలువ చేసే రజకుల కోసం మద్రాసులో వెలిసిన పేట వాషర్‌మెన్‌పేట్. తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి నేతశాల నడిపింది ఈ ప్రాంతంలోనే. చేతిమగ్గం నేతగాడి కాలూ చెయ్యీ ఆగితే ఆగుతుంది. అతను లేచి వెళ్తే తనంతట తాను కదలదు. ఇక్కడికి పడమర, పెరంబూరులో 1880లలోగా లేచిన బకింగ్‌హాం, కర్నాటక్ మిల్లుల తరం యంత్రాలకు ఆ గుణం లేదు.

ఆ కాలపు మిల్లులో కప్పు కింద పొడవాటి ఇనుప షాఫ్టు తిరిగేది. దాన్ని తిప్పేది ఎక్కడో ఉన్న ఆవిరి ఇంజను. షాఫ్టు నుంచి ఒక్కో యంత్రానికి ఒక్కో తోలుబెల్టు దిగేది. కార్మికుడు తన యంత్రాన్ని ఆపాలంటే బెల్టును బిగుతు పుల్లీ మీంచి పక్కనున్న వదులు పుల్లీ మీదికి జరపాలి. అప్పుడు బెల్టు తిరుగుతూనే ఉంటుంది, యంత్రం మాత్రం ఆగుతుంది. ఇరుక్కున్న దూది తీయడానికి అతను లోపలికి చెయ్యి పెడతాడు. షాఫ్టు అదురుకు బెల్టు మెల్లగా జరిగి మళ్ళీ బిగుతు పుల్లీ ఎక్కిందంటే, యంత్రం ఎవరూ తిప్పకుండానే తిరుగుతుంది.

చట్టం ముందుగా చూసింది తిరిగే యంత్రాన్నే. బ్రిటన్ 1844లో యంత్రాలకు కంచె వేయమంది. మన దేశపు తొలి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చినా, అది నూరుమంది ఉన్న చోటికే వర్తించింది. 1891లో ఆ సంఖ్య యాభైకి దిగింది. పెరంబూరు మిల్లు కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది 1918 ఏప్రిల్ 27న. చెయ్యి పోతే యజమాని డబ్బు కట్టాలన్న పరిహార చట్టం 1923 నాటిది. ఏ అవయవం పోతే సంపాదనలో ఎంత పోయినట్టో దాని పట్టిక చెప్పింది. తర్వాత స్థిరపడిన లెక్కలో బొటనవేలు 30 శాతం, పూర్తి చూపుడువేలు 14 శాతం. వేలికి ఖరీదు రాసిపెట్టిన ఎన్నో ఏళ్ళకు గానీ ఆ వేలిని కాచే తాళం సంగతి చట్టంలోకి రాలేదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ వరసే.

1948 ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్ బెల్టు దొంగనడకను పట్టుకుంది. వదులు పుల్లీ మీదికి జరిపిన బెల్టు వెనక్కి పాకకుండా నిలిపే సాధనం ఉండి తీరాలంది. అప్పటికే బెల్టుల కాలం పోయి, యంత్రానికో మోటారు, మోటారుకో స్విచ్చి వచ్చేస్తున్నాయి. ప్రమాదం పుల్లీ దగ్గర్నుంచి గోడ మీది బోర్డుకు మారింది. మరమ్మతు చేసేవాడు యంత్రం లోపల ఉంటాడు, స్విచ్చి వేసేవాడికి అతను కనపడడు. 1976 సవరణ అదే సెక్షన్‌లో మూడో ఉపసెక్షన్ చేర్చింది: పొరపాటున ఆన్‌లోకి జారగల స్విచ్చిని ఆఫ్‌లో ఉంచి తాళం వేసే ఏర్పాటు ఉండాలి. యంత్రం స్విచ్చికి తాళం మన ఫ్యాక్టరీల చట్టంలోకి వచ్చింది ఇలా. అయితే తాళంచెవి ఎవరి దగ్గరుండాలో ఆ వాక్యం చెప్పలేదు.

అది విడమరచి చెప్పింది 1989లో అమెరికా తెచ్చిన నిబంధన. లోపల చెయ్యి పెట్టేవాడే తాళం వేయాలి, చెవి అతనితోనే ఉండాలి. ఆరుగురు పనిలో ఉంటే ఆరు తాళాలు, ఆరోవాడు తీసేదాకా కరెంటు రాదు. తాళంతోనే పని అయిపోదు. బిగబట్టిన గాలిని వదలాలి, పైకి లేచిన ప్రెస్సుకు ఆపు పెట్టాలి, ఆపైన స్విచ్చి నొక్కి యంత్రం కదలడం లేదని చూసుకోవాలి. చట్టాల ఊసు లేకుండానే మన ఎలక్ట్రీషియన్లు ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటారు. అదీ తాళమే, పైగా చెవి సరైన జేబులో ఉన్న తాళం. తెలుగు జిల్లాల్లో లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. ఎల్‌సీ ఇచ్చాక కూడా కరెంటు వదిలారన్న వార్త మన పత్రికల్లో మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. నోటిమాటకూ, ‘స్విచ్చి వేయొద్దు’ అని రాసి తగిలించే అట్టముక్కకూ స్విచ్చి మీద పడే చేతిని పట్టి ఆపే శక్తి లేదు.

1948 చట్టం ‘తయారీ’ అన్నదాని కింద ఉతకడాన్ని, శుభ్రం చేయడాన్ని కూడా చేర్చింది. అంటే రజకుల పేటలో ఆది నుంచీ సాగిన పని చట్టం దృష్టిలో కర్మాగారపు పనే. చాకిరేవు మెషీన్ల గదిగా మారిన చోట నీళ్ళు పిండే డ్రమ్ము ఉంటుంది. కరెంటు తీశాక కూడా అది కాసేపు తిరుగుతూనే ఉంటుంది, మూతకు లాకు లేకపోతే బట్ట చేతిని చుట్టి లాక్కుపోతుంది. కరెంటుతో పనిచేసే చోట పదిమంది ఉంటే చాలు, పాత చట్టం వర్తించేది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. పన్నెండు మందితో నడిచే వాషింగ్ యూనిట్ ఇప్పుడు ఆ లెక్కకు ఫ్యాక్టరీ కాదు. డ్రమ్ము మాత్రం పాత వేగంతోనే తిరుగుతోంది.