రిజర్వ్‌డ్, ప్రొటెక్టెడ్ : రెండు మాటలు, రెండు శాసనములు

ఇంగ్లీషులో దగ్గర చుట్టములవలె కనిపించి, తీరా విచారించిన ఎదురెదురుగా నిలుచు మాటలు కొన్ని కలవు. రిజర్వ్‌డ్, ప్రొటెక్టెడ్ అను జంట అట్టిది. మన చెవికి రెండును కాపాడుటగానే తోచును. తెలుగులోనూ రెండింటిని రక్షితారణ్యమని ఒకే పేరుతో పిలుచుట కలదు. కాని పాల్వంచ, భద్రాచలముల నడుమ అడవిపల్లెలలో ఈ భేదము నిఘంటువుతో తీరునది కాదు, బ్రతుకుతెరువుతో ముడిపడినది.

ఈ జంట 1878 నాటి భారత అటవీ చట్టములోనిది. రిజర్వ్‌డ్ అడవిలో సర్కారు అనుమతించినది తప్ప తక్కినదెల్ల నిషిద్ధము. ప్రొటెక్టెడ్ అడవిలో సర్కారు నిషేధించినది తప్ప తక్కినదెల్ల చెల్లును. ఇప్పపువ్వు ఏరుట, పశువులను మేపుట, వంటచెరకు తెచ్చుకొనుట మొదటి చోట సెలవు పొంది చేయవలసిన పని; రెండవ చోట అడ్డు చెప్పువరకు చేయదగిన పని. రైలులో రిజర్వు చేసిన బల్లను తలచుకొందము. అది బల్లను కాపాడుట కాదు, ఇతరులు కూర్చుండకుండ చేయుట.

గోదావరి ఆవలి ఒడ్డు కథ వేరు. పాల్వంచ నిజాము రాజ్యమున నిలిచినది. భద్రాచలం తాలూకా 1860లో ఇంగ్లీషువారి వశమై, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. అడవిపై గ్రామస్థులకు హక్కు కలదని వాదించుచు వచ్చిన మద్రాసు ప్రభుత్వము 1878 చట్టమును ఒల్లక, 1882లో వేరు శాసనము చేసికొన్నది. అందు రిజర్వు కలదు. ప్రొటెక్టెడ్ అను తరగతి లేదు. రిజర్వు చేయుటకు ముందు ప్రకటన వెలువడును. హక్కు చెప్పుకొనుటకు మూడు నెలలకు తగ్గని గడువు ఉండును. గడువులో అడగని హక్కు సాధారణముగా పోయినట్లే. చదువు చేరని కోయపల్లెలో ఆ గడువు ఎట్లు గడచియుండునో శ్రోతలు ఊహింపగలరు.

1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసినది. 1967లో ఆంధ్రప్రదేశమంతటికి ఒకే అటవీ చట్టము వచ్చినది. తుదకు 2006 నాటి అటవీ హక్కుల చట్టము, అడవి ఏ పేరున ఉన్నను, 2005 డిసెంబరు 13కు ముందు నుండి సాగు చేయుచున్న గిరిజనుల హక్కును గుర్తింపవలెనన్నది.

అయినను పాత మాటలు కాగితములను వీడలేదు. కనుక రక్షితారణ్యమని వ్రాసిన కాగితము చేతికి వచ్చినప్పుడు, అది ఈ రెండింటిలో ఏదని ముందుగా అడిగి తెలిసికొనుట మేలని మా మనవి.