సెనయాన్‌లో మనవాళ్లు

సాత్విక్ సాయిరాజ్ జకార్తాలో ఇండోనేసియా ఓపెన్ బ్యాడ్మింటన్ గెలిచాడని అమలాపురంలో ఎవర్నడిగినా చెబుతారు. 2023 జూన్ 18. మనూరి కుర్రాడాయె! ఆ ఆట జరిగింది సెనయాన్‌లోని ఇస్తోరా హాల్లో. ఆ ప్రాంగణంలోనే ఓ పెద్ద స్టేడియం ఉంది. రండి, అందులోకి పోదాం. తేదీ మాత్రం 1962 సెప్టెంబర్ 4. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్, మనకీ దక్షిణ కొరియాకీ.

చెవులు దిమ్మెక్కిపోతున్నాయి కదూ? లక్షమంది దాకా జనం. ఆ గోలంతా మనమీదే. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వనప్పుడు వీటిని ఆసియా క్రీడలనకూడదని మన ప్రతినిధి గురుదత్ సోంధి అన్నాడు. దాంతో ఊరు భగ్గుమంది, మన రాయబార కార్యాలయం మీద కూడా పడ్డారు. తలపాగాలు చూసి గుర్తుపడతారని సిక్కు ఆటగాళ్లు బస్సులో సీట్లకింద నక్కాల్సి వచ్చింది. ఇంత జనంలో మన పక్షాన అరుస్తున్న గుంపు ఒక్కటుంది, అదుగో. హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన పాకిస్తాన్ జట్టు!

ఇక మన బెంచీ కేసి చూడండి. ఆయనే మన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాదీ, ఒకప్పటి బడిపంతులు. కుర్రాళ్లకి రహీమ్ సాబ్. ఊపిరితిత్తుల్ని కాన్సర్ తినేస్తోంది. బంతి కాలికి తగలగానే పక్కవాడికిచ్చెయ్యాలి, వాటంలేని కాలితో కూడా తన్నడం రావాలి అని ఆయన సాధన చేయించేవారు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిందంటే ఈ పంతులుగారి చలవే. ఆ రోజుల్లో హైదరాబాద్ ఆటగాడికి కూడు పెట్టింది పోలీసు ఉద్యోగం. లక్షల కాంట్రాక్టుల మాట ఎవరికీ తెలీదు.

మైదానంలో మనవాళ్లని ఏరుకుందాం. గోల్‌లో నిలువెత్తు మనిషి పీటర్ తంగరాజ్, పుట్టింది హైదరాబాద్‌లోనే. ఫ్లూతో పడుండి లేచొచ్చాడు. యూసుఫ్ ఖాన్ హైదరాబాద్ పోలీసు. ఆ సన్నటివాడు తులసీదాస్ బలరామ్, సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ. చిన్నప్పుడు సాధనకి రావడానికి సైకిలు అద్దెకి డబ్బుల్లేకపోతే రహీమ్ సాబే ఇచ్చేవారట. బలరామ్ కాళ్లమీద కన్నేసి ఉంచండి. నన్నడిగితే మొత్తం జట్టులో బంతిని అంత మెత్తగా లొంగదీసుకునేవాడు ఇంకోడు లేడు.

విజిల్ ఊదేశారు. ఇదే కొరియా మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో కొట్టిపోయింది. ఆ లెక్క ఇప్పుడు తీరాలి.

పదిహేడో నిమిషం. పి.కె. బెనర్జీ తన్నాడు, వల ఊగింది! మీరు లేచి గంతేశారు గానీ చుట్టూ ఒక్కడూ కదల్లేదు, కాస్త చూసుకోండి. జర్నైల్ సింగ్‌ని గమనించారా? అతను అసలు వెనక కాపలా కాసే మనిషి. థాయ్‌లాండ్ మీద ఆడినప్పుడు తల పగిలింది, కుట్లు పడ్డాయి. రహీమ్ సాబ్ ఏం చేశారనుకున్నారు? ఇంట్లో కూర్చోబెట్టకుండా గోల్ కొట్టే చోటికి పంపారు. కుట్ల తలతో సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద ఆడాడు, ఇవాళా ఆడుతున్నాడు. ఇరవయ్యో నిమిషం... జర్నైల్! 2-0. ఆ ఎత్తుకి ఎవరైనా సరే చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే.

హాఫ్ టైమ్ తర్వాత చాలాసేపు చెప్పుకోవడానికేం లేదు. కొరియా వాళ్లు వస్తున్నారు, మనవాళ్లు తిప్పికొడుతున్నారు, గడియారం నత్తనడక నడుస్తోంది. ఎనభై అయిదో నిమిషంలో కొరియా గోల్ వేసింది. స్టేడియం కప్పు లేచిపోయేట్టు అరుపులు. ఇంకో ఐదు నిమిషాలు! తంగరాజ్ ముందు అరుణ్ ఘోష్, త్రిలోక్ సింగ్, చంద్రశేఖర్ గోడ కట్టారు. బంతి మన సగంలోనే తిరుగుతోంది. కెప్టెన్ చునీ గోస్వామి వెనక్కొచ్చెయ్యండ్రా అని కేకేసినా ఈ హోరులో ఎవడికి వినపడుతుంది?

విజిల్! 2-1.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకిది రెండో బంగారం. మొదటిది 1951లో ఢిల్లీలో వచ్చింది, అప్పుడూ కోచ్ రహీమ్ సాబే. మూడోది ఈనాటికీ రాలేదు. ఆయన మాత్రం 1963 జూన్ 11 దాకానే ఉన్నారు.