ఆమ్లాలు, క్షారాలు: పారాణి నుంచి పీహెచ్ దాకా

నీటిలో హైడ్రోజన్ అయాన్లను విడిచేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లను విడిచేది క్షారం. పాఠ్యపుస్తకాల్లోని ఈ నిర్వచనం పందొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టిందే. వస్తువులతో పరిచయం మాత్రం చాలా పాతది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పులుపంటే చింతపండు, తరవాణి. మొదటిదానిలో టార్టారిక్ ఆమ్లం, రెండోదానిలో గంజి పులిసి పుట్టిన లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. క్షారాలంటే గుల్లలు కాల్చి చేసిన సున్నం, పొయ్యిలో బూడిద, చాకలివారు ఉబ్బ వేసేటప్పుడు బట్టలకు పట్టించే చౌడు. వేళ్ళ మధ్య రుద్దితే జారుడుగా ఉండే గుణమే చౌడునీళ్ళకు గుర్తు.

రంగు చూసి క్షారాన్ని పట్టే పద్ధతి కూడా పెళ్ళిళ్ళలోనే ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అంతే. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. ఆ నీళ్ళలో నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు రంగే వస్తుంది. పులుసు మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రగా మారడం చూసిన ప్రతివారూ ఈ ప్రయోగం చేసినవారే. ఐరోపాలో ఇలాంటి పరీక్షను పద్ధతిగా రాసిపెట్టినది రాబర్ట్ బాయిల్. 1664లో వచ్చిన తన రంగుల గ్రంథంలో వయొలెట్ పూల పానకం ఆమ్లంతో ఎర్రగా, క్షారంతో ఆకుపచ్చగా మారుతుందని ఆయన వివరించాడు.

బలమైనవి, బలహీనమైనవి అనే విభజనకు మన దగ్గర ఇంకా పాత ఆనవాలుంది. సుశ్రుత సంహిత క్షారాలను మృదువు, మధ్యమం, తీక్ష్ణం అని మూడుగా చెప్పింది. మొక్కల బూడిద నీళ్ళు మృదువు. వాటిలో కాల్చిన సున్నం వేసి మరిగిస్తే పదును పెరుగుతుంది. బూడిదలోని పొటాషియం కార్బనేట్ కాస్తా పొటాషియం హైడ్రాక్సైడ్‌గా మారుతుందన్నమాట. క్షారం ఎక్కువై పుండు మండితే పుల్లని ద్రవం పోయమనడం తటస్థీకరణే. ప్రఫుల్ల చంద్ర రాయ్ తన భారతీయ రసాయనశాస్త్ర చరిత్రలో ఈ విధానాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

ఆధునిక సిద్ధాంతం ఒక పొరపాటుతో మొదలైంది. ఆమ్లత్వానికి ఆక్సిజనే మూలమని లవోజియే నమ్మాడు, ఆ వాయువు పేరులోనే ఆ నమ్మకం నిలిచిపోయింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో డేవీ తేల్చాడు. ఆమ్లాలకు ఆయువుపట్టు హైడ్రోజన్ అని 1838లో లీబిగ్ అన్నాడు. నీటిలో కరిగిన పదార్థం అయాన్లుగా విడిపోతుందని 1884లో అర్హీనియస్ తన సిద్ధాంత వ్యాసంలో ప్రతిపాదిస్తే ఉప్సాలా పరీక్షకులు అంతంతమాత్రపు మార్కులే వేశారు. 1903లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ హైడ్రోజన్ అయాన్ల గాఢతను తెలిపే పీహెచ్ కొలమానం ఇచ్చాడు. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా ఒకే మాట చెప్పారు: ప్రోటాన్ (అంటే హైడ్రోజన్ అయాన్) ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం.

బలం అంటే గాఢత కాదు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. లీటరుకు 0.1 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటే దాదాపు అణువులన్నీ విడిపోతాయి, పీహెచ్ 1. అంతే గాఢత గల ఎసిటిక్ ఆమ్లంలో వెయ్యికి 13 అణువులే విడిపోతాయి, పీహెచ్ దాదాపు 2.9. సున్నం ఇంకో చిక్కు చూపిస్తుంది. అది నీటిలో కరిగేదే కొంచెం, లీటరుకు రెండు గ్రాములలోపే. కరిగినంత మేరా పూర్తిగా విడిపోతుంది కాబట్టి బలమైన క్షారమే.

బలహీనం అంటే హాని చేయదనీ కాదు. పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టేవారిని అడిగితే తెలుస్తుంది. జీడి తొక్కలోని నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. అది బలహీనమైన ఆమ్లమే అయినా చేతులకు తగిలితే పొక్కులు లేపుతుంది. కారణం ఆమ్ల బలం కాదు; పొడవాటి కార్బన్ గొలుసుతో నూనెలా చర్మంలోకి ఇంకి రేపే చికాకు. వేడి చేస్తే ఈ ఆమ్లం కార్బన్ డయాక్సైడును వదిలి కార్డనాల్‌గా మారుతుంది.

ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు. సంతబొమ్మాళి మండలం నౌపడ ఉప్పుమడుల్లో ఎండకు గడ్డకట్టేది బలమైన ఆమ్లానికీ బలమైన క్షారానికీ పుట్టిన లవణం, అందుకే దాని ద్రావణం తటస్థం. చౌడులోని సోడియం కార్బనేట్ కూడా లవణమే. బలహీనమైన కార్బోనిక్ ఆమ్లానికి పుట్టింది కాబట్టి క్షారగుణం చూపుతుంది. మామూలు ఉప్పు నుంచి ఈ సోడా తీసే పద్ధతికి 1791లో ఫ్రాన్సులో లెబ్లాంక్ హక్కులు పొందాడు. ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపితే కాస్టిక్ సోడా, క్లోరిన్, హైడ్రోజన్ వస్తాయి. ఆ క్లోరిన్‌ను హైడ్రోజన్‌లో మండించి నీటిలో కరిగిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారవుతుంది.