జయపుర సంస్థాన దానము – కేంద్రక విజ్ఞానమున విచిత్ర కణములు

కొట్పాడు నేడు ఒడిశా రాష్ట్రమున కొరాపుట్ జిల్లాలోనిది. 1936 వరకు ఆ సీమ మదరాసు రాజధానిలోని విశాఖపట్టణ మండలమునకు చేరి, జయపుర సంస్థానములో నుండెను. జయపుర మహారాజు విక్రమదేవవర్మ (1869–1951) ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల నొసగిన వదాన్యుడు. అచ్చటి విజ్ఞాన సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టిరి. సంస్థానపు రాబడిలో కొండసీమ రైతుల శిస్తును చేరియుండెను గనుక, ఆ దానమున వారికిని పాలు గలదు.

ఆ పరిషత్తునందు కేంద్రక భౌతికశాస్త్రమునకు పునాది వేసినవారు స్వామి జ్ఞానానంద (1896–1969). వారు న్యూట్రానును కనుగొనిన చాడ్విక్ చెంత లివర్‌పూల్‌లో పరిశోధన గావించి, 1950ల దశకమున వాల్తేరులో ఆ శాఖను నెలకొల్పిరి. సరిగా ఆ దినములలోనే కేంద్రక విజ్ఞానమున నొక నూతనాధ్యాయము తెరువబడెను.

1947లో మాంచెస్టరునందు రోచెస్టర్, బట్లర్ అనువారు విశ్వకిరణముల ఛాయాచిత్రములలో క్రొత్త కణముల జాడ కనుగొనిరి. ఇట్టి కణములు పుట్టుట అతి శీఘ్రము. నశించుట మాత్రము ఊహించినదానికంటె మిక్కిలి ఆలస్యము. అందుచే వానికి విచిత్ర కణములను పేరు వచ్చెను. లాంబ్డా కణము సెకనును వేయికోట్ల భాగములు చేసిన అందు రెండు మూడు భాగముల కాలమే జీవించును. కేంద్రక కాలమానమున నదియే దీర్ఘాయువు. 1952లో వార్సాయందు దానిష్, ప్నియెవ్‌స్కీ ఈ కణము చిక్కుకొనిన కేంద్రకమును కనుగొనిరి. ప్రోటానులు, న్యూట్రానులు పంక్తిలో విస్తళ్లవలె తమ తమ స్థానముల నాక్రమించియుండును. లాంబ్డా వేరు జాతిది గావున, నిండిన పంక్తిని దాటి కేంద్రకపు లోలోతునకు చేరగలదు.

భారకేంద్రకములు ఢీకొన్నప్పుడు కేంద్రక పదార్థము మిక్కిలి నొక్కుకొనును. అందు బుట్టిన ధన కేయాన్‌ను ఆ పదార్థము సులువుగ మ్రింగజాలదు; అది దూతవలె వెలువడి లోపలి వార్త దెల్పును. ఋణ కేయాన్‌ను ఆ పదార్థము తనవైపు లాగుకొని తరచుగ హరించును. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో జరిగిన ధన కేయాన్ల పరీక్షలు, నొక్కుకొనిన పదార్థము కొంత మెత్తనిదేయని సూచించినవి. అయినను 2010లో సూర్యునికి దాదాపు రెండింతల ద్రవ్యరాశిగల న్యూట్రాన్ నక్షత్రమొకటి నిర్ధారితమైనది. గర్భమున లాంబ్డాలు పుట్టి ఒత్తిడి తగ్గినచో, అంతటి నక్షత్రము కూలక నిలుచుటెట్లు? ఈ చిక్కు నేటికిని విడలేదు.

కొట్పాడున్న రాష్ట్రములోనే, భువనేశ్వరపు భౌతికశాస్త్ర సంస్థ, జెనీవాలో భారకేంద్రక సంఘర్షణలను శోధించు ఆలిస్ ప్రయోగమున పాలుగొన్నది. రాష్ట్రముల హద్దులు మారినవి. కొండసీమ సొమ్ముతో ఒకప్పుడు పోషింపబడిన జిజ్ఞాసకు మాత్రము హద్దు లేదు. ఆ జిజ్ఞాసయందు కొట్పాడు బిడ్డలకును వారసత్వపు హక్కు గలదు.