డిఫాల్ట్ బిల్డ్ ఆప్షన్లు

సోర్స్ కోడ్ నుంచి ప్యాకేజీని కంపైల్ చేసేటప్పుడు ఏ సౌకర్యాలు చేర్చాలో వాడుకరి చెప్పకపోతే, దాని నిర్వాహకులు ముందే ఖాయం చేసిన ఎంపికలు అమలవుతాయి. వీటినే డిఫాల్ట్ బిల్డ్ ఆప్షన్లు అంటారు.

ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ నుంచి కట్టేందుకు 1994లో మొదలైన పోర్ట్స్‌లో ‘మేక్ కాన్ఫిగ్’ ఆదేశంతో ఆప్షన్ల పట్టిక తెరుచుకుంటుంది. అక్కడ ఎంచుకున్నవి ఫైలులో నిలిచి, అప్‌డేట్ సమయంలోనూ వర్తిస్తాయి. ఆప్షన్ల జాబితా మారితేనే పట్టిక దానంతటదే మళ్లీ కనిపిస్తుంది. అయితే సొంత ఆప్షన్లతో కట్టిన ప్యాకేజీని ‘పీకేజీ అప్‌గ్రేడ్’ డిఫాల్ట్ బైనరీతో మార్చేయవచ్చు. దాన్ని ‘పీకేజీ లాక్’తో ఆపాలి. జెంటూ లినక్స్‌లో ఆప్షన్లు ఎంచుకునే పని యూజ్ ఫ్లాగులది. డెబియన్ లినక్స్‌లో సాధారణంగా ముందే కంపైల్ చేసిన బైనరీలే అందుతాయి కాబట్టి ఎంపిక అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

తెలుగు వాడుకరులకు ఇది అలంకారప్రాయమైన విషయం కాదు. పైథాన్‌లో బొమ్మలపై అక్షరాలు రాసే పిల్లో లైబ్రరీకి, ఒత్తులను సరిగా అమర్చే రాక్మ్ అనే లైబ్రరీ తప్పనిసరి కాదు. సోర్స్ నుంచి కట్టేటప్పుడు ఆ యంత్రంలో రాక్మ్ లేకపోతే బిల్డ్ దోషం చూపకుండానే పూర్తవుతుంది. తర్వాత జిల్లాల పటంపై ‘గద్వాల’లో వ ఒత్తు, ‘వనపర్తి’లో త ఒత్తు, ‘నాగర్‌కర్నూల్’లో న ఒత్తు ఏర్పడక అక్షరాలు విడివిడిగా పడతాయి. ఫాంటును తప్పుపట్టడం మామూలే గాని, లోపం బిల్డ్‌లో ఉంటుంది. 2021లో వచ్చిన 8.2.0 వెర్షన్ నుంచి పిల్లో సిద్ధ బైనరీలలో రాక్మ్‌ను కలిపే ఇస్తున్నారు. సోర్స్ నుంచి కట్టేవారు ‘రాక్మ్=ఎనేబుల్’ అని స్పష్టంగా కోరితే, అది దొరకనప్పుడు బిల్డ్ అక్కడే ఆగిపోతుంది.