రోల్స్‌రాయిస్ దివాలా: ప్రభుత్వం కొన్నది, వదిలేసినది

1971 ఫిబ్రవరి 4న బ్రిటన్‌లోని రోల్స్‌రాయిస్ కంపెనీ రిసీవర్ చేతికి, అంటే ఆస్తులను స్వాధీనపరచుకొని అప్పులవాళ్ల బాకీలు తీర్చే అధికారి చేతికి వెళ్లింది. లోకానికి కార్ల పేరుతో తెలిసినా, ఈ సంస్థకు అసలు ఆయువుపట్టు డెర్బీ పట్టణంలో తయారయ్యే విమాన ఇంజన్లే. దాన్ని ముంచిందీ వాటిలో ఒకటే. అమెరికాకు చెందిన లాక్‌హీడ్ తలపెట్టిన ట్రైస్టార్ విమానానికి ఆర్‌బీ211 ఇంజన్లు సరఫరా చేస్తామని 1968లో ఒప్పుకున్నప్పుడు ధర ఖరారైంది, ఆలస్యానికి జరిమానా కూడా ఖరారైంది, ఇంజను మాత్రం ఇంకా తయారు కాలేదు. బరువు తగ్గించడానికి ఫ్యాన్ రెక్కలను హైఫిల్ అనే కార్బన్ నార పదార్థంతో చేశారు. పక్షి ఢీకొంటే తట్టుకుంటాయో లేదో చూడటానికి, తిరుగుతున్న ఫ్యాన్ మీదికి చచ్చిన కోడిని వేగంగా ప్రయోగించే పరీక్షలో 1970లో అవి ముక్కలు కావడంతో, బరువైన టైటానియానికి మారక తప్పలేదు.

అదే ఏడు జూన్‌లో గద్దెనెక్కిన ఎడ్వర్డ్ హీత్ ప్రభుత్వం, నష్టాల కంపెనీలను ప్రజల సొమ్ముతో నిలబెట్టేది లేదన్న విధానంతో వచ్చినదే. అయినా నవంబరులో, లెక్కల తనిఖీకి లోబడి, 4.2 కోట్ల పౌండ్ల సాయం ప్రకటించింది; అది ఏ మూలకూ చాలదని కొద్ది నెలల్లోనే తేలిపోయింది.

సొంత వైమానిక దళం ఈ ఇంజన్ల మీద ఆధారపడి ఉండగా ప్రభుత్వం చేతులు కట్టుకొని కూర్చోలేదు. కాని అది కంపెనీని కాపాడలేదు, పోనిచ్చింది. 1971 ఫిబ్రవరిలోనే చేసిన ప్రత్యేక చట్టం ద్వారా ఇంజన్ల విభాగపు ఆస్తులను మాత్రం రిసీవర్ నుంచి కొని, రోల్స్‌రాయిస్ (1971) లిమిటెడ్ అనే కొత్త ప్రభుత్వ కంపెనీకి అప్పగించింది. పాత అప్పులు, లాక్‌హీడ్ ఒప్పందం పాత కంపెనీ ఖాతాలోనే మిగిలాయి. జాతీయీకరణ అన్న పేరు దీనికి సగమే సరిపోతుంది, ఎందుకంటే ఇందులో ఆదర్శం కన్నా బేరం పాలే ఎక్కువ. వేరే ఇంజనుకు మారాలంటే విమానాన్నే మార్చుకోవలసిన లాక్‌హీడ్, చివరికి ఎక్కువ ధరకు కొత్త ఒప్పందానికి దిగివచ్చింది. ఆ సంస్థకు కావలసిన 25 కోట్ల డాలర్ల రుణ హామీని ఆగస్టులో అమెరికా సెనేట్ 49–48 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో ఆమోదించింది.

1973లో కార్ల వ్యాపారం విడిపోయింది. 1987లో ప్రభుత్వం ఇంజన్ల కంపెనీ షేర్లను తిరిగి ప్రజలకు అమ్మేనాటికి, ఆర్‌బీ211 కుటుంబపు ఇంజన్లు బోయింగ్ 747, 757 విమానాలకు అమరాయి; ట్రైస్టార్ ఉత్పత్తి మాత్రం అంతకు మూడేళ్ల ముందే ఆగిపోయింది.