జైలు రిజిస్టరులో తాత పేరు

సిరిసిల్లలో మగ్గం మీద బతికిన తాత పేరో, కోరుట్లలో కూలికి పోయిన ముత్తాత పేరో సేత్వార్‌లో, 1954-55 నాటి ఖాస్రా పహాణీలో వెతికితే దొరకడం కష్టం. అవి భూమి ఉన్నవాళ్ల కాగితాలు. గుంట జాగా లేని మనిషిని తండ్రి పేరుతో సహా సర్కారు రాసిపెట్టుకున్న కొద్ది చోట్లలో జైలు ఒకటి.

నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి. మనిషి పేరు, 'వల్ద్' అని తండ్రి పేరు, 'సాకిన్' అని ఊరు. వంశం వెతికేవాళ్లకు అసలు ఆధారం తండ్రి పేరే. రాజయ్య, మల్లయ్య, నర్సయ్య లేని ఊరు ఈ చుట్టుపక్కల ఎక్కడుంది? పైగా ఉర్దూలో రాసిన కోరుట్లను కూరట్ల అని కూడా చదవొచ్చు. లిపి తెలిసినాయన పక్కన ఊళ్లు తెలిసినాయన కూడా కూర్చుంటేనే పని సాగుతుంది.

తేదీలు ఆనాటి ఫస్లీ సంవత్సరాల్లో ఉంటాయి, ఇంగ్లిషు ఏడాది కోసం 590 కలుపుకోవాలి. 1357 ఫస్లీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. 1948 మార్చి 14న మహమ్మదాపూర్‌లో సాయుధ పోరాట నాయకుడు అనభేరి ప్రభాకరరావు నేలకొరగడం, సెప్టెంబరులో నిజాం పాలన ముగించిన పోలీసు చర్య, రెండూ ఆ ఏడాదిలోవే. ఇంకా వెనక్కి, 1905కు ముందటి కాలానికి పోతే కరీంనగర్ కాదు, ఎలగందల జిల్లా కింద చూడాలి.

దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి నిజామాబాదు జైల్లో ఉన్న సంగతి పుస్తకాలకెక్కింది. అదే జైలు కూడు తిన్న మామూలు మనుషుల సంగతి ఇంటివాళ్లకే సరిగా తెలియదు.

1972లో కేంద్రం సమరయోధుల పింఛను మొదలుపెట్టాక జైలు సర్టిఫికెట్‌కు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఆరు నెలల జైలు చూపాలి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు మూడు నెలలు చాలు. రికార్డు దొరక్కపోతే దొరకలేదని అధికారులే రాసివ్వాలి, ఆపైన తోటి ఖైదీ సాక్ష్యం పెట్టాలి. అట్లా ఎవరి పక్కన ఎవరున్నారో కూడా ఆ దరఖాస్తుల్లోకి ఎక్కింది. రిజిస్టరు చెదలుపట్టిన చోట ఈ ఫైళ్లే దిక్కు.

ఇక 1978. సెప్టెంబరు 7న రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం. ఆనాటి అరెస్టుల, కేసుల ముచ్చట ఎత్తితే ఇప్పటికీ మాట మార్చే ఇళ్లున్నాయి. ఆస్ట్రేలియాలోనూ ఒకప్పుడు ఇంతే. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ ఓడల్లో పంపిన ఖైదీల పేర్లను దాచిన కుటుంబాలే నేడు వాటిని వెతుక్కుంటున్నాయి. మన దగ్గర 1978 నాటివాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు. ఏ జైలు, ఏ కేసు, పక్కన ఎవరున్నారు అని మనుమలు ఇప్పుడే అడిగి రాసుకుంటే, కోర్టు కాగితాల కోసం తిరిగే తిరుగుడు సగం తగ్గుతుంది.